మీతో ఎవరొచ్చారు? ఆసుపత్రులకు ఒక ఆటిస్టిక్ పేషెంటు బహిరంగ లేఖ

డాక్టర్లకు, నర్సులకు, స్కాన్ గదుల్లో పనిచేసే టెక్నీషియన్లకు, కౌంటర్ల వెనక కూర్చునేవారికి నమస్కారం.

ఈ ఉత్తరం ఏ ఒక్క ఆసుపత్రినో ఉద్దేశించి రాస్తున్నది కాదు. ఏడాదిలో మూడు చోట్ల తిరిగాను, మూడు చోట్లా కథ ఇంచుమించు ఒకటే.

నాకు 43 ఏళ్లు. ఆటిజం ఉందని 37వ ఏట తెలిసింది, హాడ్జ్‌కిన్ లింఫోమా అనే క్యాన్సర్ ఉందని నిరుడు తెలిసింది. మొదటిది తెలిసిన రోజు హమ్మయ్య అనుకున్నాను. చిన్నప్పటి నుంచీ లెక్క తేలనివి చాలా తేలాయి. రెండోది తెలిసిన రోజు ఏమనిపించిందో నాకే అర్థం కావడానికి 11 రోజులు పట్టింది. ఆ 11 రోజులూ నా ముఖం ఎప్పటిలాగే ఉంది. మీ కాగితాల్లో మాత్రం "పేషెంట్ ధైర్యంగా ఉన్నారు" అని ఎక్కింది.

అప్పటి నుంచి మీరు నన్ను అన్నిటికన్నా ఎక్కువసార్లు అడిగిన ప్రశ్న "మీతో ఎవరొచ్చారు?" రిజిస్ట్రేషన్ కౌంటర్లో అడిగారు, బయాప్సీకి ముందు అడిగారు, మొదటి కీమో రోజు ముగ్గురు విడివిడిగా అడిగారు. ఎవరూ రాలేదండీ అంటే, ఎవరో బండి పార్క్ చేసి వస్తున్నారేమో అన్నట్టు నా భుజం మీదుగా వెనక్కి చూస్తారు. తర్వాత గొంతు తగ్గించి "ఇంట్లో ఎవరూ లేరా?" అంటారు. అమ్మానాన్న లేరు. పెళ్లి చేసుకోలేదు. ఉన్న ఒక్క అన్నయ్యతో పదేళ్లుగా మాటల్లేవు, ఆ కథ ఇక్కడ అనవసరం.

మత్తు ఇచ్చిన రోజు తోడు ఒక మనిషి ఉండాలన్న నియమంతో నాకు పేచీ లేదు. ఆ మత్తులో రోడ్డు దాటడం ఎవరికైనా ప్రమాదమే. నా బాధ మిగతా రోజుల గురించి. తోడొచ్చిన మనిషి మీ దగ్గర జీతం లేకుండా ఎంత పని చేస్తున్నారో ఎప్పుడైనా గమనించారా? ఫైళ్లు మోస్తారు, బిల్లు కడతారు, ఏ గదికి వెళ్లాలో కనుక్కుంటారు, మీరు నడుస్తూ నడుస్తూ చెప్పే సగం మాటను పట్టుకుని మిగతా సగం ఊహిస్తారు. వీటన్నిటికన్నా పెద్ద పని ఇంకొకటి చేస్తారు. "బాగానే ఉన్నానంటున్నారు గానీ డాక్టర్ గారూ, మూడు రోజులుగా కంటి మీద కునుకు లేదు" అని పేషెంటు చెప్పిన అబద్ధాన్ని పక్క నుంచి సరిచేస్తారు. నా అబద్ధాలు సరిచేసేవాళ్లు లేరు.

అబద్ధం అన్నాను గానీ కావాలని చెప్పింది కాదు. "ఎలా ఉన్నారు?" అని ఎవరైనా అంటే "బాగున్నానండీ" అనాలని చిన్నప్పుడు కష్టపడి నేర్చుకున్నాను. అందరికీ మాటలతో పాటు వచ్చేసే విద్య అది, నేను మాత్రం ఎక్కాల్లాగా బట్టీ పట్టాను. కాబట్టి మీరు ఫైలు తెరుస్తూ "ఎలా ఉన్నారు?" అనగానే నా నోరు దాని పని అది చేసేస్తుంది. మీది పలకరింపో, వైద్యం కోసం అడిగిన ప్రశ్నో నాకు తేడా తెలియదు. నాలుగు నెలలు ఒక డాక్టరు గారి దగ్గర అలాగే బాగున్నాను. ఆ నాలుగు నెలలూ రాత్రి రెండింటికి లేచి, చెమటకు తడిసిన పక్కబట్టలు మార్చుకుంటూనే ఉన్నాను. దుప్పటి మందం ఎక్కువైందనుకుని మూడు దుప్పట్లు మార్చాను. ఒళ్లంతా దురద. పుట్టినప్పటి నుంచీ బట్టల లేబుళ్లు నన్ను గీరుతూనే ఉన్నాయి గనక ఇదీ అదేననుకుని, ఒక ఆదివారం కూర్చుని బీరువాలో ఉన్న ప్రతి జాకెట్టుకీ, ప్రతి కుర్తాకీ లేబుల్ కత్తిరించాను. రాత్రి చెమటలు, దురద, బరువు తగ్గడం, ఇవన్నీ ఈ జబ్బు పంపే కబుర్లే అని తర్వాత చదివి తెలుసుకున్నాను. మెడ పక్కన గడ్డ చేతికి తగిలాక కూడా, నొప్పి లేదు కదా అని మూడు వారాలు ఆగాను.

ఇది నా ఒక్కదాని తిక్క కాదు. మానసిక వైద్యులు రోగ నిర్ధారణకు వాడే లావుపాటి పుస్తకం డీఎస్ఎం-5 2013లో వచ్చింది. ఆటిజం లక్షణాల్లో శబ్దం, స్పర్శ లాంటివి అతిగా తగలడాన్నీ, నొప్పి, వేడి, చలి పట్టనట్టు ఉండడాన్నీ కూడా అది చేర్చింది. రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు. నాలో ఉన్నాయి. మణికట్టుకు మీరు కట్టే ప్లాస్టిక్ ట్యాగ్ నన్ను ఏడిపిస్తుంది, సూది మాత్రం ఎప్పుడు దిగిందో తెలియదు. దీనికి తోడు అలెక్సిథైమియా. లోపల ఏదో జరుగుతోందని తెలుస్తూనే ఉంటుంది, దానికి పేరు దొరకదు. అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలను 2019లో కలిపి చూస్తే, ఆటిస్టిక్ వ్యక్తుల్లో దాదాపు సగం మందికి ఇది ఉన్నట్టు తేలింది. మిగతావాళ్లలో 5 శాతం దాకా. అలాంటి మనిషిని "ఏమనిపిస్తోంది?" అని అడిగి, మూడు సెకన్లు చూసి, పేజీ తిప్పేస్తే మీకేం తెలుస్తుంది?

నొప్పి ఎంతుందో కొలిచే పట్టీ సంగతి కూడా చెప్పాలి. గోడ మీద ఆరు ముఖాల బొమ్మ ఉంటుంది, నవ్వుతో మొదలై ఏడుపుతో ముగుస్తుంది. వాంగ్-బేకర్ పట్టీ అంటారు, 1980ల్లో పిల్లల కోసం తయారుచేశారు. పిల్లలకు మంచిదే. నా పని మాత్రం కనుబొమ్మల వంపులు కొలుచుకుంటూ కూర్చోవడమైంది. ఎదుటివాళ్ల ముఖం చదవడమే రాని మనిషికి ముఖాలు చూపించి ఇందులో నీది ఏది అంటే ఎలా? చివరి బొమ్మకు కన్నీళ్లున్నాయి. నాకు రావడం లేదు, కాబట్టి అది నాది కాదని తేల్చుకుని మూడోది చూపించాను. బయాప్సీ చేసిన చోట లోపల రక్తం గడ్డకట్టి ఉందని ఆ సాయంత్రం స్కాన్‌లో బయటపడింది. ఏడవకపోయినా చివరి ముఖాన్ని ఎంచుకోవచ్చని ఆ పట్టీ వాడే సూచనల్లోనే ఉంది. నాకెవరూ చదివి వినిపించలేదు. బొమ్మలు పక్కన పెట్టి "చెయ్యి పైకి ఎత్తగలరా? రాత్రి ఎన్నిసార్లు మెలకువ వచ్చింది? నిన్నటికన్నా మాత్రలు ఎక్కువ పడ్డాయా?" అని అడిగి చూడండి. లెక్కలడిగితే నేను భలే చెబుతాను.

ఇక జ్వరం వచ్చిన రాత్రి. ఐదో కీమో అయిన తొమ్మిదో రోజు. మీరిచ్చిన కాగితంలో పెద్దక్షరాలతో ఉంది, జ్వరం 100.4 డిగ్రీలు దాటితే ఏ టైమైనా సరే వెంటనే ఫోన్ చేయాలని. కింద ఒక నంబరు. రాత్రి 1:40కి థర్మామీటర్ 101.2 చూపించింది. ఒక ఫోనేగా అని మీకు అనిపించొచ్చు. నాకు ఫోనంటే ముఖం లేని గొంతు, నా వంతు ఎప్పుడొచ్చిందో తెలియని ఖాళీలు. మామూలు రోజుల్లో కూడా ఏం మాట్లాడాలో ముందే కాగితం మీద రాసుకుంటాను. ఆ రాత్రీ రాసుకున్నాను. మూడుసార్లు నంబరు నొక్కి, ఎత్తకముందే కట్ చేశాను. నాలుగోసారి ఎత్తారు. "చెప్పండి" అన్నారు. నా కాగితంలో మొదటి లైను "నమస్కారం, ఇది కీమో వార్డేనా అండీ?" ఆవిడ అప్పటికే చెప్పండి అనేశారు కదా, ఇంక ఆ లైను చెల్లుతుందా, రెండో లైనుతో మొదలుపెట్టాలా అని నేను ఆలోచించే లోపల "హలో, హలో" అని పెట్టేశారు. తెల్లవారుజామున 5 దాకా వణుకుతూ కూర్చున్నాను. అప్పుడు క్యాబ్ యాప్ గుర్తొచ్చింది. యాప్‌తో మాట్లాడక్కర్లేదు.

తెల్లకణాలు బాగా పడిపోయాయి. యాంటీబయాటిక్స్ ఎక్కిస్తూ 6 రోజులు ఉంచారు. డ్యూటీ డాక్టరు గట్టిగా కోప్పడ్డారు. "చదువుకున్నవాళ్లు, ఒక్క ఫోన్ చేయలేకపోయారా?" ఆయన కోపం న్యాయమే, తెల్లకణాలు లేనప్పుడు జ్వరం గంటల్లో ప్రాణం మీదికి తెస్తుంది. కానీ ఆయన అడిగిన ప్రశ్నకు నా దగ్గరున్న నిజమైన జవాబు "అవునండీ, చేయలేకపోయాను" అన్నదే. అప్పుడు అది కూడా నోటికి రాలేదు.

మేరీ డోహర్టీ అని ఒక మత్తు డాక్టరు ఉన్నారు, ఆవిడా ఆటిస్టికే. ఆవిడ బృందం 2022లో ఆటిస్టిక్ పెద్దవాళ్ల మీద ఒక సర్వే ప్రచురించింది. డాక్టరు దగ్గరికి వెళ్లడమే కష్టంగా ఉందన్నవాళ్లు 80 శాతం, ఆటిజం లేనివాళ్లలో అదే 37 శాతం. ఫోన్‌లో అపాయింట్‌మెంట్ తీసుకోలేకపోతున్నామన్నవాళ్లు 62 శాతం. అసలు ఈ లక్షణానికి డాక్టరు దగ్గరికి వెళ్లాలా అక్కర్లేదా అన్నది తేల్చుకోలేకపోతున్నామన్నవాళ్లు 72 శాతం. నా దుప్పట్లు, నా లేబుళ్లు ఈ 72లో ఉన్నాయి. నంబరు పక్కన "మెసేజ్ పంపినా చాలు" అని నాలుగు ముక్కలు ఉండి ఉంటే ఆ రాత్రి 1:41కి పంపేదాన్ని.

నాకు మాట పోతుంది, అదొకటి ముందే చెప్పి పెట్టాలి. కళ్లలోకి కొట్టే లైటు, పక్క కుర్చీలో మందు ఎక్కించే పంపు ఆగకుండా కూయడం, ఇద్దరు ఒకేసారి ప్రశ్నలడగడం, ఇవన్నీ ఒక్కసారి మీద పడితే నోట్లో మాట ఉండదు. అన్నీ వినిపిస్తూనే ఉంటాయి, అర్థమవుతూనే ఉంటాయి, చేత్తో రాయగలను. మాట పడిపోయిందంటే మనవాళ్లకు పక్షవాతమే గుర్తొస్తుంది. ఒకసారి అలాగే పెద్ద హడావిడి అయింది, స్ట్రెచర్ కూడా వచ్చింది. అప్పటి నుంచి మెడలో కార్డు వేసుకుంటున్నాను: "నేను ఆటిస్టిక్. ఇప్పుడు మాట్లాడలేను. రాసి అడగండి, రాసి చెబుతాను." మరి నిజంగానే పక్షవాతం వస్తే ఎలాగండీ అని ఒక నర్సు అడిగారు. మంచి ప్రశ్న. కార్డు వెనక్కి తిప్పి రాశాను: "మూతి వంకరపోతే, చెయ్యి లేవకపోతే, రాయలేకపోతే అప్పుడు పరుగెత్తండి."

అలాంటప్పుడు ముందుకీ వెనక్కీ ఊగుతాను కూడా. అది నాకు నేనే చేసుకునే వైద్యం. ఒక డాక్టరు దాన్ని చూసి నిద్రమందు రాశారు. ఆలివర్ మెక్‌గోవన్ పేరు మీలో కొందరు వినే ఉంటారు. ఇంగ్లండ్‌లో 18 ఏళ్ల ఆటిస్టిక్ కుర్రాడు, మూర్ఛ వస్తోందని 2016లో ఆసుపత్రిలో చేర్చారు. మానసిక రోగాలకిచ్చే మందులు తనకు పడవని అతనూ చెప్పాడు, తల్లిదండ్రులూ చెప్పారు. అయినా ఓలాంజపైన్ అనే అలాంటి మందే ఇచ్చారు. మెదడు వాచిపోయి చనిపోయాడు. 2022లో అక్కడ చట్టం తెచ్చి, వైద్య సిబ్బందికి ఆటిజం గురించి శిక్షణ తప్పనిసరి చేశారు. ఆ శిక్షణకు అతని పేరే పెట్టారు. ఆలివర్‌తో అమ్మా నాన్నా వచ్చారు. "మీతో ఎవరొచ్చారు?" అన్న ప్రశ్నకు అతని దగ్గర జవాబుంది, అయినా ఎవరూ వినలేదు. కాబట్టి తోడు మనిషి లేకపోవడం ఒక్కటే సమస్య అని నేను అనుకోవడం లేదు.

అన్నీ ఫిర్యాదులే అనుకోకండి. మీ దగ్గర నాకు చాలా నచ్చిన గది ఒకటుంది. జబ్బు ఒంట్లో ఎక్కడుందో చూసే పెట్ స్కాన్‌కు ముందు, ఫ్లోరిన్-18 అనే రేడియోధార్మిక పదార్థం కలిపిన చక్కెరను ఇంజక్షన్ చేసి, అది ఒళ్లంతా పాకేదాకా సుమారు గంటసేపు పడుకోబెడతారు. లైటు తగ్గిస్తారు. కదలొద్దంటారు, ఫోన్ చూడొద్దంటారు. మాట్లాడితే గొంతు కండరాలు ఆ చక్కెర లాగేసుకుని బొమ్మ చెడిపోతుందని మాట్లాడొద్దంటారు. ఎవరూ దగ్గరికి రారు. మిగతా పేషెంట్లు ఆ గంట గడవలేదంటారు. నాకు ఆసుపత్రి మొత్తంలో అంత హాయైన చోటు దొరకలేదు. ఇవాళంతా పసిపిల్లలకీ గర్భిణులకీ కాస్త దూరంగా ఉండాలమ్మా అని టెక్నీషియన్ ఎంతో మొహమాటపడుతూ చెప్పాడు, నాకు నవ్వొచ్చింది. నిశ్శబ్దంగా ఉండే గదిని మీరు తయారు చేయగలరని అక్కడే తెలిసింది. చక్కెర కోసం చేసినది మనిషి కోసం ఎందుకు చేయరో మాత్రం అర్థం కాలేదు.

ఇప్పుడు ఒంటరితనం. ప్రపంచంలో ప్రతి 6 మందిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని, ఏటా 8 లక్షల 71 వేల మరణాలకు దానితో సంబంధం ఉందని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2025 జూన్‌లో నివేదిక ఇచ్చింది. కీమో ఎక్కించే డే కేర్ గోడకు "మీరు ఒంటరి కాదు" అని పోస్టరు అంటించారు. నా కుర్చీ సరిగ్గా దాని కిందే.

ఇరవై ఏళ్లుగా ఒక్కదాన్నే ఉంటున్నాను, సుఖంగానే ఉన్నాను. రోజూ ఒకే దారిలో నడక, లైబ్రరీలో ఒకే కుర్చీ, పొద్దున్నా రాత్రీ ఒకే తిండి. మీకు అవి అలవాట్లు, నాకు అవే చుట్టపక్కాలు. జబ్బు వచ్చి వాళ్లను ఒక్కొక్కరినే తీసుకుపోయింది. తెల్లకణాల కౌంట్ తక్కువగా ఉంది, జనంలోకి వెళ్లొద్దన్నారు, లైబ్రరీ పోయింది. కీమో పడ్డాక ఆ తిండి నోట్లో ఇనుప ముక్కలా తగులుతోంది, అదీ పోయింది. మీ కౌన్సెలర్‌కు ఇది చెబితే సానుభూతిగా విని, సపోర్ట్ గ్రూప్‌కు పంపారు.

ఒక్కసారి వెళ్లాను. గుండ్రంగా కుర్చీలు, ఒక్కొక్కరూ మనసులో మాట చెప్పాలి, చివర్లో కౌగిలింతలు. నా వంతు వచ్చింది. నాకు ఎక్కించే నాలుగు మందుల్లో డకార్బజైన్ అనేది వెలుతురు తగిలితే పాడవుతుంది, అందుకే ఆ సంచికి ముసుగు వేస్తారు. దాని గురించి 15 నిమిషాలు చెప్పాను. అది నా మనసులో మాటే. వాళ్లు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. వాళ్లు మంచివాళ్లు కాదని అనను. డేమియన్ మిల్టన్ అనే ఆటిస్టిక్ సామాజిక శాస్త్రవేత్త 2012లో ఒక మాట అన్నాడు, అర్థం చేసుకోలేకపోవడం రెండు వైపులా ఉంటుందని. మేం మిమ్మల్ని చదవలేం, మీరూ మమ్మల్ని చదవలేరు. పరీక్ష తప్పినవాళ్ల జాబితాలో మా పేర్లే ఎందుకుంటాయో ఆ రోజు గుండ్రంగా కూర్చున్నప్పుడు బాగా అనిపించింది.

నాకు తోడు వేరే చోట దొరికింది. మూడో కీమో రోజు పక్క కుర్చీలో ఒక పెద్దావిడ, చేతిలో పదకేళి పుస్తకం, చెవి మీద పెన్సిలు. గంటన్నర మాట్లాడలేదు. తర్వాత తల తిప్పకుండానే "తామరపువ్వు, నాలుగక్షరాలు, చివర దం" అన్నారు. "అరవిందం" అన్నాను. రాసుకున్నారు. ఆ రోజుకి అంతే. తర్వాత రెండు వారాలకోసారి మా ఇద్దరికీ ఒకే రోజు పడేది. ఎక్కడైనా ఆగిపోతే పుస్తకం నా కుర్చీ చేతి మీదికి జరిపేవారు, నేను నింపి వెనక్కి జరిపేదాన్ని. ఎక్కడి నుంచి వచ్చారు, ఎవరొచ్చారు, ఏ స్టేజి, ఏమీ అడగలేదు. ఒకసారి నా పంపు కూస్తూ ఉంటే చెవులు మూసుకుని కూర్చున్నాను. ఆవిడ నాకు చెప్పకుండానే చెయ్యి చాచి బెల్లు నొక్కారు, మళ్లీ పెన్సిలు పట్టుకున్నారు. ఈ ఏడాదిలో నేను ఒంటరిని కాదని అనిపించిన గంటలు ఏవైనా ఉంటే అవే.

తొమ్మిదో కీమో రోజు ఆ కుర్చీలో వేరే ఎవరో ఉన్నారు. నర్సును అడిగాను. "ఆవిడ మీకు ఏమవుతారు?" అన్నారు. ఏమీ కారు. "అయితే చెప్పకూడదండీ." నియమం నాకు తెలుసు, ఒక పేషెంటు సంగతి ఇంకొకరికి చెప్పకూడదు, ఆ అమ్మాయి తప్పేమీ లేదు. తలూపి వచ్చి కూర్చున్నాను. నా ముఖం మళ్లీ ధైర్యంగానే ఉండి ఉంటుంది. ఇంటికెళ్లి మూడు రోజులు కర్టెన్లు తియ్యలేదు. ఆవిడకు వైద్యం అయిపోయిందో, వేరే ఆసుపత్రికి మారారో, ఇంకేమైనా అయిందో ఇప్పటికీ తెలియదు.

అందుకని అడుగుతున్నాను. ఫారాల్లో ఇన్ని గడులు పెడతారు కదా, ఇంకొకటి పెట్టండి: "నాకేమైనా అయితే పక్క కుర్చీవాళ్లకు చెప్పొచ్చు." ఇష్టమైనవాళ్లు టిక్ పెడతారు. పక్కపక్కన ఇమిడిపోయిన ఇద్దరికి వీలైనంత వరకూ అవే కుర్చీలు ఇవ్వండి. నాకు పొద్దున్నే మొదటి అపాయింట్‌మెంట్ గానీ ఆఖరిది గానీ ఇవ్వండి, వెయిటింగ్ హాలు ఖాళీగా ఉంటుంది. ముట్టుకునే ముందు "ముట్టుకుంటున్నాను" అని ఒక్క మాట అనండి. నడుస్తూ చెప్పినదాన్ని తర్వాత రెండు లైన్లు రాసివ్వండి. ఇవేవో దయ చూపమని అడుగుతున్నవి కావు. వికలాంగుల హక్కుల మీద 2006లో ఐక్యరాజ్య సమితి ఆమోదించిన ఒప్పందం, ఇలాంటి సహేతుకమైన సర్దుబాటు చేయకపోవడాన్ని వివక్ష కిందే లెక్కగట్టింది. అయినా ఒప్పందాలు చూపించి మెప్పించడం నాకు చేతకాదు. ఆ పెద్దావిడకు ఏ ఒప్పందమూ తెలియదు, బెల్లు నొక్కారు.

16వ తేదీన మళ్లీ స్కాన్ ఉంది. మళ్లీ ఫారం నింపాలి. అత్యవసరమైతే ఎవరికి చెప్పాలి, వారి ఫోన్ నంబరు, పేషెంటుతో వారి సంబంధం. పోయినసారి పాత ఆఫీసులో నా పక్కన కూర్చున్నాయన పేరు రాశాను. ఆయనతో మాట్లాడి ఆరేళ్లయింది, నేను ఆయన పేరు రాసినట్టు ఆయనకు తెలియదు. సంబంధం అన్న గడిలో "పక్క సీటు" అని రాశాను. కౌంటర్లో అమ్మాయి అది కొట్టేసి "ఫ్రెండ్" అని రాసింది. ఈసారి ఆ గడిలో ఏం రాయమంటారో చెప్పండి.

ఇట్లు,
డే కేర్‌లో పోస్టరు కింద కుర్చీ పేషెంటు